గోదావరి బాటపై పినపాక
(ఒక గ్రంథాలయ సభయందు చేసిన యుపన్యాస పాఠము)



"పినపాకకు చరిత్రమేమున్నది?" అని నన్నడిగినవారు పలువురు గలరు. అడిగినవారు చదువురానివారు కారు. ఓరుగల్లునకు కోట గలదు. పాలంపేటకు రామప్పగుడి గలదు. భద్రాచలమునకు శ్రీరాముడును, ఆయనకు గుడి కట్టించి చెరసాల ననుభవించిన కంచెర్ల గోపన్నయు గలరు. వీని నడుమ, గోదావరి కుడిగట్టున, అడవియంచున నున్న యీ చిన్నయూరికి కోట లేదు, సింహాసనము లేదు, వంశావళి లేదు. కావున చరిత్రము లేదని తీర్పు. ఈ తీర్పును మనము పాఠశాలలో నేర్చుకొంటిమి. రాజుగారెక్కడ నివసించెనో యక్కడనే చరిత్రమున్నదనియు, ప్రజలు నడచిన చోట నేమియు లేదనియు మనకు నేర్పిరి. నేనీనాడు ప్రజలు నడచిన చోటును గూర్చియే మాటాడదలచితిని.

పినపాక యను పేరునే చూడుడు. పిన యనగా చిన్నది. పాక యనగా మన యెల్లరకు తెలిసినదే. నదివెంట దిగువకు పోయినచో భద్రాచలమున కెదుటిగట్టున సారపాక గలదు. రాజులు పెట్టిన పేర్లు పురములు, నగరములు, పట్టణములు. ఈ పేరు వారి నోట పుట్టినది గాదు. ఈ బాటవెంబడి యున్న యూళ్లపేర్లను వరుసగా చదివినచో పొరలుపొరలుగా జనుల రాక కనబడును. కరకగూడెము, దుమ్ముగూడెము మొదలగు గూడెములు కోయవారి పల్లెలు. మంగపేట, జానంపేట మొదలగు పేటలు వర్తకుల జాడను దెల్పును. ఏటూరునాగారము, బూర్గంపాడు వేరొక వరుస. పినపాకకు సమీపముననే యేడూళ్ల బయ్యారము గలదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు త్రవ్వించి శాసనము వేయించిన బయ్యారము వేరు. అది మానుకోట ప్రాంతమున నున్నది. రెండింటిని కలిపి వ్రాయువారు నేటికిని గలరు గనుక ఈ మాట చెప్పితిని.

ఇక బాట మాట. హైదరాబాదునుండి ఓరుగల్లు, ములుగు, ఏటూరునాగారముల మీదుగా గోదావరి దాటి భోపాలపట్టణమునకు పోవు జాతీయ రహదారి యొకటి గలదు. దాని సంఖ్య 163. కొత్తగూడెము, భద్రాచలము, కుంటల మీదుగా జగదల్పురమునకు పోవునది మఱియొకటి. దాని సంఖ్య 30. రెండును పూర్వపు బస్తరు రాజ్యములోనికే పోవుచున్నవి. ఈ రెంటిని గోదావరి కుడిగట్టు వెంబడి కలుపుచు ఏటూరునాగారము, మంగపేట, పినపాక ప్రాంతము, మణుగూరు, అశ్వాపురము, బూర్గంపాడుల మీదుగా పోవు త్రోవయే మన బాట. ఎడమ ప్రక్క నది, కుడి ప్రక్క కొండలు, నడుమ సన్నని మైదానము. ఎవరు నడచినను ఈ సందునుండియే నడువవలెను. కొండలనుండి దిగు వాగులు, ఇచ్చటి వాడుకలో తోగులు, వానకాలమున బాటను ముక్కలు ముక్కలుగా కోసివేయును. నాలుగుమాసములు ఈ బాట బాట కాదు. ఒక్కొక్క యూరు ఒక్కొక్క లంక. మిగిలిన యెనిమిది మాసములు మాత్రము దేశమంతయు నిచ్చట నడచినది.

ఈ బాటపై నడచినవారిలో మనమెరిగినంతలో తొలివారు జానంపేటలో నిద్రించుచున్నారు.

జానంపేట పినపాక మండలములోని గ్రామము. అచ్చట ఇనుపయుగపు సమాధులు గుంపులు గుంపులుగా నున్నవి. క్రీస్తుకు పూర్వము వేయేండ్ల నాటి కాలమున దక్షిణాపథమంతట ఇట్టి సమాధులను నిర్మించు ఆచారముండెను. ఇవి యెట్లున్నవో చూడనివారికై చెప్పుదును. భూమిపై గుండ్రముగా పెద్ద పెద్ద రాళ్లు పేర్చబడియుండును. ఆ వలయము నడుమ ఇసుకరాతి పలకలను నిలువుగా పాతి పెట్టెవలె నమర్చి, దానిపై నొక బ్రహ్మాండమైన కప్పురాయిని మోపిరి. లోపల, ఒకే రాతిని తొట్టివలె తొలిచిన శవపేటిక. ఆ తొట్టిలో నెముకలను, కుండలను, ఇనుప పనిముట్లను ఉంచెడివారు. కప్పురాయి బరువెంతయో యూహించుకొనుడు; దానిని గనినుండి తీసి, దొర్లించి, ఎత్తి, పలకలమీద సరిగా కూర్చుండబెట్టుటకు ఎన్ని చేతులు కావలయునో లెక్కించుకొనుడు. ఇది యొక్క కుటుంబము చేయగల పని కాదు. ఒక కట్టుబాటు, ఒక పెద్దరికము, పనివారికి పెట్టుటకు ధాన్యము, రాతిని చెక్కుటకు ఉక్కువంటి యినుము — ఇవన్నియు నున్న సంఘము మాత్రమే చేయగలదు. కోట లేదన్నవారికి ఇది నా మొదటి యుత్తరము.

మనవారు వీనిని రాకాసి గుళ్లందురు. మానవమాత్రులు మోయలేని రాళ్లుగావున రాక్షసులు మోసిరని కథ. ఈ కథను నేను తక్కువచేయను. ఆశ్చర్యపడినవాడే కథ కట్టును. కాని కథ కట్టి యూరకుండుట మన లోపము. మనమూరకుండగా పరాయివాడు వచ్చి చూచి వ్రాసికొనిపోయెను. 1868వ సంవత్సరమున మల్‌హెరన్ అను సర్వే యుద్యోగి ఈ లోయలోని కాటాపురము, మల్లూరు ప్రాంతముల సమాధులను చూచి, వాని ప్రక్కన నిలువెత్తు రాతి విగ్రహములు శిలువ యాకారమున నున్నవని కలకత్తాలోని ఏసియాటిక్ సంఘమునకు తెలియజేసెను. 1872లో ఫెర్గూసన్ పండితుడు ప్రపంచములోని మొరటు శిలాకట్టడములను గూర్చి వ్రాసిన గ్రంథమునందు ఆ చిత్రముల నచ్చువేయించి, ఇవి క్రైస్తవ శిలువలని తలచెను. గోదావరి యడవులలోనికి క్రైస్తవమతము ఎప్పుడు వచ్చెను, ఎట్లు వచ్చెను, ఎవరు తెచ్చిరి అను ప్రశ్నలకు తగిన యుత్తరము లేకయే ఆ మాట పుస్తకమెక్కినది. తన యింటి గుర్తును పరాయి యింటి గోడపై చూచుట విద్వాంసులకును తప్పని బలహీనత.

తరువాతి పరిశోధకులు అడవిలో మఱికొంత తిరిగిరి. దొంగతోగు మొదలగు తావులలోని విగ్రహములను దగ్గరనుండి పరిశీలింపగా కొన్నింటికి రొమ్ములు చెక్కబడియుండుట కనబడినది. అంతటితో శిలువవాదము కూలిపోయినది. అవి శిలువలు గావు, మనుష్యరూపములు. తల, ప్రక్కలకు చాచిన చేతులు, మొండెము; అంతియే. చనిపోయినవారికి ప్రతిరూపముగా నిలిపినవి. ఇట్టి మనుష్యాకార శిలలు తమిళదేశమున మోట్టూరునందును, ఉడయార్నత్తమునందును గలవు. దక్షిణాపథమున ఇనుపయుగపు జనులు చచ్చినవారిని మఱువకుండుటకై రాతిని మనిషిగా చేసిరనుటకు ఈ విగ్రహములు సాక్ష్యము.

ఇచ్చట నొక్క మాట జాగ్రత్తగా చెప్పవలసియున్నది. ఈ ప్రాంతపు కోయవారు మృతుల జ్ఞాపకార్థము రాళ్లు నిలుపుదురు. పశువును బలియిచ్చి దాని తోకను ఆ రాతికి గట్టు ఆచారమును భద్రాచలము ప్రాంతమున గత శతాబ్దములలో చూచినవారు వ్రాసియున్నారు. కావున జానంపేట సమాధులు కోయల పూర్వులవేయని తొందరపడి చెప్పుట కొందరి కిష్టము. వారికిని వీనికిని సంబంధమే లేదని త్రోసివేయుట మఱికొందరి కిష్టము. రెండును దుడుకుతనమే. మూడువేల యేండ్ల నాటి రక్తసంబంధమును రాతినిచూచి తేల్చలేము. కాని రాతిని నిలిపి మృతుని తలచుకొనుట యను పని ఈ లోయలో నేటికిని అర్థము గోల్పోలేదు. ఆ రాళ్లు నగరమునుండి వచ్చిన నాకు పురావస్తువులు. కోయ వృద్ధునకు అవి పూర్వుల తావు. ఇద్దరిలో నెవరికి వానిపై గౌరవమెక్కువ?

కాకతీయుల కాలమునుగూర్చి చిరకాలము మాటాడవచ్చును గాని, దానిని చెప్పు పెద్దలు పలువురున్నారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి ఓరుగల్లునుండి గోదావరికి వచ్చు త్రోవకు చేరువలో నున్నదనియు, 2021లో దానికి ప్రపంచ వారసత్వపు గుర్తింపు లభించినదనియు మీకు దెలియును. 1323లో ఓరుగల్లు పడిన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు రాజ్యమును స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. ఆయన యే రేవున దాటెనో నేను చెప్పబోను. అదే కాకతీయుల సైన్యమునకెదురు నిలిచి మడిసిన కోయవీరులు సమ్మక్కయు, ఆమె కుమార్తె సారలమ్మయు నని మేడారపు కథ. రెండేండ్లకొకమారు జరుగు ఆ జాతరకు లక్షలాది జనులు ఈ బాటలన్నిటను నడచుచున్నారు. ఒకే రాజ్యమును గూర్చి రెండు జ్ఞాపకములు గలవు: బస్తరు రాజు తాను కాకతీయుడనని గర్వపడును; మేడారపు కోయ తాను కాకతీయుని యెదిరించితినని గర్వపడును. మన చరిత్ర పుస్తకములలో మొదటి గర్వమునకు పుటలు దొరకినంతగా రెండవదానికి దొరకలేదు.

తరువాత ఈ లోయ పాల్వంచ అశ్వరావుల యేలుబడిలోనికి వచ్చెను. నదికి రెండు గట్లును వారివే. భద్రాచలము జమీనును వారి వంశమువారిదే. ఇది జ్ఞాపకముంచుకొనుడు. నది యప్పుడు హద్దు గాదు, నడిమివీథి. పదునేడవ శతాబ్దిలో తానీషా పాలనమున భద్రాచలము గుడి వెలసిన పిదప యాత్రికులు ఈ వీథిని నడచిరి. 1795లో బ్లంట్ అను ఇంగ్లీషు కప్తాను వంగదేశమునకును ఉత్తర సర్కారులకును నడుమ త్రోవ యెట్లున్నదో చూచుటకు చునారునుండి బయలుదేరి, గోండుల యడవులు గడచి, గోదావరి లోయమీదుగా యెర్నగూడెమునకు చేరెను. ఆ ప్రయాణవృత్తాంతమును ఏసియాటిక్ రిసెర్చెస్ సంపుటములలో ప్రకటించిరి. కుంపిణీవారికి త్రోవ కావలసినది సైన్యము కొఱకు. అంతకు పూర్వమునుండియు ఈ త్రోవ నడచుచున్నది మాత్రము ఉప్పు కొఱకు.

ఉప్పును గూర్చి రెండుమాటలు. నడుమదేశమునకు సముద్రము లేదు. నాగపురము, బిరారు, బస్తరుల వంటలలో పడిన యుప్పులో గొంత తూర్పుతీరమునుండి లంబాడీల యెద్దులమీద లోనికి పోయినది. ఒక్కొక్క తండాలో వందలు, వేలు ఎద్దులు. మేత, నీరు దొరకిన చోట మకాము. వాగు పొంగినచో వాగు తగ్గువఱకు మకాము. పోవునపుడు ఉప్పు, వచ్చునపుడు ధాన్యమో, ప్రత్తియో, అడవి సరకో. కోయవాడు అడవినుండి చింతపండు, కుంకుడు, ఇప్పపువ్వు, తేనె దెచ్చి సంతలో ఉప్పు తీసికొనిపోయెను. అతనికి బయటి లోకముతో నున్న బేరమంతయు నించుమించుగా ఉప్పులోనే యిమిడియుండెను. సంతలో మోసపోయినదియు నచ్చటనే. 1930లో గాంధీమహాత్ముడు దండికి నడచినప్పుడు ఉప్పు ఎంతటి మాటయో పట్టణవాసులకు తెలిసినది. ఈ బాటకు అది అనాదిగా తెలిసిన సంగతి.

లంబాడీ యెద్దును త్రోసివేసి నదినే బాటగా జేయవలెనని తలచినవాడు సర్ ఆర్థరు కాటను. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. బిరారు, నాగపురముల ప్రత్తిని పడవలమీద గోదావరివెంట సముద్రమునకు దింపవలెనని యాయన సంకల్పము. నదిలో మూడు చోట్ల బండరాళ్ల అడ్డంకులున్నవి. మొదటిది దుమ్ముగూడెము వద్ద, రెండవది ఇచ్చంపల్లి వద్ద, మూడవది దేవలమఱ్ఱి వద్ద. దుమ్ముగూడెమున హెయిగు దొరగారి పర్యవేక్షణమున ఆనకట్ట కట్టి, కాలువ త్రవ్వి, పడవలు దిగుటకు లాకులు నిర్మించిరి. మన్యపు జ్వరములు పనివారిని పట్టి పీడించెను. పని సాగి సాగి, ఖర్చు పెరిగి పెరిగి, 1871లో పథకమును విడిచిపుచ్చిరి. అప్పటికే బొంబాయినుండి రైలు ప్రత్తిసీమకు చేరియున్నది. కాటనుగారిని మన డెల్టావాసులు దేవునివలె కొలుతురు, కొలువదగినవాడే. కాని మన్యమున నాయన పథకమునకు కూలి యెవరు చేసిరి, జ్వరములో నెవరు పోయిరి అను లెక్క ఏ విగ్రహము క్రిందను చెక్కబడలేదు.

ఈ పడవల పథకమునుండియే మనకు హద్దు పుట్టినది. ఇది నా యుపన్యాసమునకు ముఖ్యమైన తావు.

నదిలో పడవలు నడుపవలెనన్న గట్టు తమ చేతిలో నుండవలెనని కుంపిణీ వారసులు తలచిరి. 1860 నాటి సంధిలో నిజాము ప్రభువు గోదావరి యెడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి వదలుకొనెను. బదులుగా రాయచూరు, నల్దుర్గము మున్నగు సీమలను తిరిగి పొందెను. నదిపై సరకులకు సుంకముండరాదనియు నిర్ణయించుకొనిరి. కలకత్తాలోను హైదరాబాదులోను కొందఱు కాగితముపై సంతకములు చేయగా, అశ్వరావుల యేలుబడిలో నొక్కటిగా నున్న లోయ రెండు రాజ్యములైనది. పినపాక నిజామువారిది, ఎదుటగట్టున చర్ల ఇంగ్లీషువారిది. నడుమనున్న నీటికి ఏ రాజునో తెలియదు గాని, ఆ నీటిని దాటి పెండ్లిపిల్లను దెచ్చుకొను కోయవానికి మాత్రము రెండు ఠాణాలు, రెండు నాణెములు, రెండు తీరుల అటవీశాసనములు దాపురించెను.

ఆ తరువాత గట్టు మాటిమాటికి చేతులు మారుచు వచ్చెను. మొదట దానిని మధ్యపరగణాలలో చేర్చిరి. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చిరి. మార్చినంతనే రేకపల్లిలో పోడు పన్ను పెరిగెను. 1879లో రంపలో నెగసిన తిరుగుబాటు రేకపల్లికిని వ్యాపించుటకు ఈ పన్ను పెంపొక హేతువు. హద్దుగీత జరుగుట పట్టణములో కూర్చున్నవానికి పటములోని రంగుమార్పు. కొండమీదివానికది తన గొడ్డలిపై పడిన పన్ను. నూగూరు, ఆల్బాక, చర్ల తాలూకాలు ఇరువదవ శతాబ్ది తొలి దశకమున మదరాసునకు వచ్చెను. 1953లో ఓరుగల్లు జిల్లానుండి ఖమ్మము జిల్లా వేఱుపడెను. 1956లో తెలుగువారందఱు నొక్క రాష్ట్రములోనికి వచ్చినను, భద్రాచలము మూడేండ్లు తూర్పుగోదావరిలోనే యుండి 1959లో ఖమ్మమునకు చేరినది. అంతట నూఱేండ్ల యెడబాటు తీరి నదికి రెండుగట్లు నొక్క జిల్లాలోనివైనవి. 1965లో భద్రాచలమున వారధి పూర్తియైనది.

ఆ కలయిక ఐదున్నర దశాబ్దములే. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన సంవత్సరముననే, పోలవరము ముంపును కారణముగా జూపి, చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, పట్టణము మినహా భద్రాచలము మండలమును, బూర్గంపాడులో గొంతయు ఆంధ్రప్రదేశమునకు చేర్చిరి. రామాలయము ఒక రాష్ట్రమున, దాని చుట్టునున్న పల్లెలు వేఱొక రాష్ట్రమున నున్నవి. 2016లో పినపాక భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. 2019లో ప్రక్కనున్న మంగపేట ములుగు జిల్లాకు పోయినది. మీలో వృద్ధులెవరైన పినపాక ప్రాంతమున ఇల్లు కదలకుండ నున్నచో, వారు కొన్ని రాజ్యములు, కొన్ని జిల్లాలు తిరిగివచ్చిరన్నమాట. సరిహద్దు ఊరనగా ఇదియే. సరిహద్దు దగ్గఱకు మనము పోము. అదియే మన యింటికి వచ్చును.

ఇంకొక వినోదము. కొత్తగూడెములోని రైలుస్టేషనునకు "భద్రాచలము రోడ్డు" అని పేరు. భద్రాచలమచ్చటికి నలుబది కిలోమీటర్లు, నడుమ గోదావరి. రైలు యాత్రికుని దింపి, ఇక బాట నీదియే నాయనా యని చెప్పినట్లున్నది. ఊరిపేరుగాక రోడ్డుపేరు పెట్టినందుకు నాకు ఆ రైలువారిపై గౌరవమే కలుగుచున్నది. వారొక్కరైనను బాటను గుర్తించిరి.

ఇప్పటి స్థితిని గూర్చి చెప్పవలయును. 1871లో కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. సింగరేణి గనులు ఆ పల్లె పేరనే దేశమంతట ప్రసిద్ధమైనవి. నూఱేండ్లకు ఆ గనులు మణుగూరు చేరెను. అశ్వాపురమువద్ద భారజల కర్మాగారము 1991లో పని ప్రారంభించెను. సారపాకలో కాగితపు మిల్లు గలదు. మణుగూరు, పినపాక మండలముల పొలిమేరన 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రము 2022 నాటికి నాలుగు యంత్రములతోను పూర్తియైనది. జానంపేట సమాధులకు పలకలిచ్చినదియు, ఈ యంత్రములకు బొగ్గిచ్చినదియు ఒకే గోండ్వానా శిలావర్గమే. పైపొర యిసుకరాయి చచ్చినవానిని మూడువేలేండ్లు దాచినది. క్రిందిపొర బొగ్గును మనము రోజులలో కాల్చుచున్నాము. కావలదనుట లేదు, దీపము మనకును కావలయును. కాని బొగ్గు లారీలు నడచు నాటికి ఆ ప్రాచీన బాటలో మిగులున దేమి యని అడుగుట మన హక్కు.

నదియు నడుగుచునే యున్నది. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. 2022 జూలైలో 71.3 అడుగులు. మూడవ ప్రమాదసూచిక 53 అడుగులే. పాతవారు సమాధులను గట్టుపై నెత్తుతావుల కట్టిరి; మనము కాలనీలను పల్లమున కట్టితిమి.

ఇక అసలు చిక్కునకు వచ్చెదను. జానంపేట ప్రాచీనస్థలము కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలోనున్న జాతీయ ప్రాముఖ్యముగల స్థలము. సంతోషమే. 1958 నాటి చట్టమును 2010లో సవరించుటచే అట్టి స్థలమునకు చుట్టు నూఱు మీటర్లలోపల కొత్త కట్టడము కట్టరాదు. ఆపై రెండువందల మీటర్లలో అనుమతి లేక కట్టరాదు. నూఱు మీటర్లనగా నగరములో నొక సందు. ఇక్కడ అది యొక కోయ రైతునకున్న భూమియంతయు కావచ్చును. అతనికిది షెడ్యూల్డు ప్రాంతము. 1356 ఫసలీ నాటి నిజాము శాసనమునుండి, 1959 నాటి నిబంధన, దానిని బిగించిన 1970 నాటి సవరణ వఱకు, అతని భూమి పరుల పాలుగాకుండ చట్టములు వచ్చినవి. ఎన్నియో పోరాటములకు ఫలముగా అతని కా చెక్క మిగిలినది. ఆ చెక్కలో నొక రాతివలయమున్నచో నతడేమి చేయవలెను? ఉంచినచో గది కట్టుకొనరాదు, బావికి గోడ కట్టుకొనరాదు అను భయము. తొలగించినచో దున్నుటకు వీలు, రాయి యింటి పునాదికి పనికివచ్చును. రాత్రికి రాత్రి నాలుగు రాళ్లు కదిలిపోయినచో నతని నేరగాడందురా? మూడువేలేండ్లు ఆ రాళ్లను కదల్పకయుంచినది అతని జాతియే గదా! సర్కారుపలక పాతిన తరువాతనే రాయికి ప్రమాదము గలిగినచో, లోపము రైతుదా, పలకదా?

నా యభిప్రాయమును దాచను. రక్షణచట్టము ఉండవలసినదే. దానిని తీసివేసినచో లారీల యజమానులకే లాభము. కాని రక్షణభారమును పేదవాని పొలముపై మోపి జాతి యంతయు గౌరవమును పంచుకొనుట న్యాయము కాదు. పొలములో సమాధులున్న రైతునకు సాలీనా కొంత పైకము ముట్టజెప్పి అతనినే కాపరిగా నియమింపవలెను. కట్టుకొనవలసిన గదికి ఊరిలో వేఱుతావు చూపవలెను. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకు తన ఆచారములను, సంస్కృతిని, ఉమ్మడి వనరులను కాపాడుకొను నధికారమిచ్చినది. ఆ సభ కూర్చుండక, కోయపెద్దలు చెప్పినది వినక, ఒక్క రాయియు కదలరాదు. రాజధానిలోని వస్తుప్రదర్శనశాలకు తరలింతమను మాటకును నేను విరోధినే. రాతిమనిషిని అద్దాలగదిలో నిలిపినచో అతడు వింతవస్తువగును. తన సమాధి ప్రక్క నిలిచినప్పుడే అతడొకనికి తండ్రి, ఒకనికి తాత.

మనము, చదువరులము, చేయవలసిన పనియు గలదు. తెలంగాణములో గ్రంథాలయములు పుట్టినది పుస్తకములు చదువుటకు మాత్రమే కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు అక్షరమును స్వాతంత్ర్యమునకు త్రోవగా నెంచిరి. ఆ తరమువారే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర పరిశోధకమండలిని స్థాపించి, ఎండలో తిరిగి శాసనముల నచ్చొత్తి తెచ్చి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించిరి. ఆ కార్యమున శ్రమించిన ఆదిరాజు వీరభద్రరావుగారు మన ఖమ్మము జిల్లావారు. వారికి జీతము లేదు, మోటారు లేదు. వారు రాజుల శాసనములను రక్షించిరి. శాసనములేని జనుల జాడను రక్షించు పని మనకు మిగిల్చిరి.

ఆ జాడలో అన్నిటికంటె త్వరగా పోవునది రాయి కాదు, మాట. 2011 జనగణనలో కోయభాషను తమ మాతృభాషగా చెప్పుకొన్నవారు నాలుగులక్షలకు పైబడినవారు. సంఖ్య చూచి ధైర్యపడవచ్చును గాని, బాటప్రక్క గూడెములలో పిల్లలు బడికి పోయి తెలుగులో సమాధానము చెప్పుచున్నారు. ప్రతి తోగునకు, ప్రతి గుట్టకు, గోదావరిలో ప్రతి రేవునకు కోయలో పేరున్నది. ఆ పేరున కొక కారణమున్నది. సర్వేవారి పటములో వానిలో చాలవఱకు లేవు. వంతెనలు వచ్చిన తరువాత రేవుతో పనిలేదు. పనిలేని రేవునకు పేరు నిలువదు.

కావున ఈ సభవారిని నేనడుగునది స్వల్పము. పినపాక, మణుగూరు, మంగపేట, చర్ల పఠనాలయములవారు నలుగురు చొప్పున కూడి, ఎదుటిగట్టువారితో నుత్తరప్రత్యుత్తరములు జరిపి, ఏటూరునాగారమునుండి బూర్గంపాడు వఱకు గల రేవులు, తోగులు, మకాముచెట్లు, సంతల పేర్లను కోయపెద్దల నోట విని, కోయలోను తెలుగులోను వ్రాయవలెను. చెప్పినవారి పేరు ప్రక్కన నుండవలెను. వారు వలదన్నచో వ్రాయరాదు. పూజాస్థలములను వారి సెలవు లేక చిత్రింపరాదు. జానంపేటలో ఏ వలయమున నెన్ని రాళ్లు నేడున్నవో లెక్కవ్రాసి, ఆ ప్రతి నొకటి గ్రామపంచాయతీలోను, ఒకటి ఇచ్చటి గ్రంథాలయములోను నుంచవలెను. లెక్క యున్నచో పోయినది తెలియును. పని వైశాఖములోపల ముగింపవలయును. ఆషాఢము వచ్చినచో తోగులు పొంగును. గూడెములకు పోవుటయు, పెద్దలకు తీరిక దొరకుటయు మరల దసరా వఱకు లేదు.